చిరాగ్‌పల్లి మొక్కు

మొక్కున్నవాళ్లు గుణదల వెళతారు, వేళాంగణ్ణి వెళతారు. నేను జహీరాబాద్ వెళ్లాను. మా తణుకు చర్చిలో స్త్రీల సమాజం వాళ్లకి ఈ మాట చెబితే, "అక్కడేముందండీ కరుణమ్మగారూ?" అని విస్తుపోయారు. "మొక్కజొన్న కంకులమ్మే సుశీల ఉంది" అన్నాను. వాళ్లకి అర్థం కాలేదు. మీకైనా అర్థమయ్యేలా మొదట్నించీ చెబుతాను.

కిందటేడు పూనాలో మా ఆడపడుచు కూతురి పెళ్లి చూసుకుని బస్సులో వస్తున్నాం. తెలంగాణలోకి అడుగుపెట్టగానే, బొంబాయి హైవే మీద చిరాగ్‌పల్లి దగ్గర టీకి ఆపారు. మా ఆయన టీ గ్లాసు పట్టుకున్న మనిషి పట్టుకున్నట్టే కూలిపోయారు. బస్సులోవాళ్లంతా చుట్టూ మూగారు గానీ ముట్టుకున్నవాళ్లు లేరు. కంకులు కాల్చి అమ్మే ఒకావిడ నిప్పుల మీద కంకులన్నీ అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆయన తల ఒళ్లో పెట్టుకుని, "ఓ దేవదాసూ, ఆటో తియ్యి!" అని కేకేసింది. దేవదాసు ఆమె భర్త. ఆమె పేరు సుశీల అని దారిలో తెలిసింది. జహీరాబాద్ ఆస్పత్రి దాకా ఆమె ఆయన గుండె మీద చెయ్యి తియ్యకుండా పైకే ప్రార్థన చేస్తూ కూర్చుంది.  నేను మనసులో ఒక్కటి అనుకున్నాను. ప్రభువా, ఈ మనిషిని నిలబెడితే ఈ సుశీల వెళ్లే చర్చికి వచ్చి, ఆమె ఎదుట నిలబడి సాక్ష్యం చెబుతాను అని.

జహీరాబాద్‌లో ఇంజక్షను చేసి హైదరాబాద్ పంపారు. అక్కడ స్టెంటు వేశారు. మనిషి నిలబడ్డాడు.

నిలబడ్డాడు గానీ, ఇంకోలా అయిపోయాడు. మా ఇంట్లో భోజన ప్రార్థన ఎప్పుడూ ఆయనదే. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. విత్తనం వేసిన రైతు దగ్గర మొదలుపెట్టి, ధాన్యం ఆడించిన మిల్లు, ఆ మిల్లుకి కరెంటిచ్చిన సబ్‌స్టేషను, అందరి పేరునా దేవునికి వందనాలు చెప్పి, పులుసు చల్లారి మీద పొర కట్టేదాకా ఆమెన్ అనేవారు కాదు. పిల్లలు ఆకలితో నకనకలాడుతుంటే బల్ల కింద నుంచి నేనే కాలితో ఒక్క తన్ను తన్ని ఆపించేదాన్ని. అలాంటి మనిషి ఆస్పత్రి నుంచి వచ్చాక కంచం ముందు కూర్చుని, "నువ్వే కానివ్వు" అనడం మొదలుపెట్టారు. ఎందుకండీ అంటే ఒకరోజు చెప్పారు. "ఆ వార్డులో నా పక్క మంచాలవాళ్లు, నాకంటే చిన్నవాళ్లు పోయారు కరుణా. నేనెందుకు మిగిలానో తెలీడం లేదు. తెలీకుండా స్తోత్రం ఎలా చెప్పను?"

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. నా మొక్కు తీర్చుకోవడం ఒక ఎత్తు, ఈయన నోరు తెరిపించడం ఒక ఎత్తు. రెండూ ఒక్క ప్రయాణంలోనే అయిపోవాలని పట్టుబట్టాను. "రాను" అన్నారు. "రాకపోతే నా మీద ఒట్టు" అన్నాను. క్రైస్తవురాలివి, ఒట్లు పెట్టకూడదంటూనే సంచీ సర్దుకున్నారు.

జహీరాబాద్

హైదరాబాద్‌లో బస్సు మారి మధ్యాహ్నానికి దిగాం. దిగగానే నా చెప్పు తెగింది. బస్టాండు బయట చెప్పులు కుట్టే పెద్దాయన నాతో తెలుగు, పక్కన నిలబడ్డ వాళ్లతో ఉర్దూ, దారినపోతూ పలకరించిన వాళ్లతో కన్నడం మాట్లాడుతూనే కుట్టు పూర్తిచేశారు. ఇరవై రూపాయలు. మా తణుకులో అయితే పదిహేనే అన్నాను. "అయితే తణుకుల్నే తెంపుకోకపోయిన్రా అమ్మా" అన్నారు. ఇరవై ఇచ్చి నోరు మూసుకున్నాను.

ఊరంతా అల్లం వాసన. మార్కెట్టు దగ్గర మట్టి కూడా వదలని పచ్చి అల్లం రాశులు పోసి ఉన్నాయి. చెరుకు ట్రాక్టర్లు దారి ఇవ్వవు. భోజనానికి ఒక చిన్న హోటల్లోకి వెళ్తే జొన్నరొట్టె, పుంటికూర, శనగపిండితో చేసిన పిట్ల పెట్టారు. పుంటికూరంటే మన గోంగూరే. గోంగూర అని నేనంటే, "అట్లనే అనుకోన్రి, తినేటప్పుడు ఒక్కటే" అని వడ్డించే అమ్మాయి నవ్వింది. రొట్టె పదిహేను రూపాయలు. అరచేత్తో కొట్టి చేసిన రొట్టె, మా ఇంట్లో పళ్లెమంత ఉంది. మా ఆయన అన్నం కోసం అటూ ఇటూ చూశారు గానీ, డాక్టరు ఇదే తినమన్నారని నేను గుర్తుచేశాను.

ప్రార్థన నేనే చేశాను. రొట్టె వేడిగానే ఉంది.

చిరాగ్‌పల్లి

మర్నాడు పొద్దున్నే చిరాగ్‌పల్లి బయల్దేరాం. మా సంచీలో సుశీలకొక చీర, దేవదాసుకు పంచెల చాపు, ఇద్దరికీ కలిపి తాపేశ్వరం కాజాల డబ్బా ఉన్నాయి. లారీలు, దుమ్ము, అదే టీకొట్టు. మా ఆయన పడిపోయిన చోట ఇప్పుడెవరో మోటారుసైకిలు పెట్టుకున్నారు. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డారు. కంకుల బండి మాత్రం లేదు.

టీకొట్టాయనకి మేం గుర్తున్నాం. "అరే, గా సారే కదా! నువ్వు లేషి తిరుగుతున్నవా సారూ!" అని బెంచీ తుడిచి కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. నేను చీర సంచీ చూపించి, సుశీలావాళ్లు ఎక్కడున్నారని అడిగాను. ఆయన గ్లాసులు కడుగుతున్న చెయ్యి ఆపాడు.

"మీకు ఎర్కలేదా అమ్మా? దేవదాసు పోయిండు. పచ్చకామెర్లైనయి. ఆకుమందులు తాగించిన్రు, దవాఖానల సుత ఉన్నడు. దక్కలే. సుశీల బండి బంద్ పెట్టి ఊరికే పోయింది. న్యాల్‌కల్ దిక్కు వాళ్ల పల్లె."

నా చేతిలో టీ ఒలికి చీర సంచీ మీద పడింది.  మా ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టేసి, "పద, వెనక్కి పోదాం" అన్నారు.

"ఎందుకు?"

"ఎందుకా? ఆవిడ ఎదుట నిలబడి 'నా మొగుణ్ణి దేవుడు బతికించాడు' అని చెబుతావా? నన్ను ఆస్పత్రికి మోసినవాడు పోయాడు, నేను పంచెల చాపు పట్టుకుని పరామర్శకు వెళ్లనా? మనిషన్నవాళ్లు చేసే పనేనా?"

 నిజం చెప్పొద్దూ, నాకూ ఆ క్షణాన హైదరాబాద్ బస్సెక్కేద్దామనే అనిపించింది. అటు నుంచి ఒకటి వస్తోంది కూడా. కానీ మొక్కుకున్నది నేను. సౌకర్యంగా ఉంటేనే తీరుస్తానని దేవుడితో అనలేదు. "సాక్ష్యం చెప్పినా చెప్పకపోయినా, భర్త పోయిన మనిషిని పలకరించకుండా వెళ్లే జన్మ కాదు నాది. మీరు రాకపోతే ఈ బెంచీ మీదే కూర్చోండి" అని లేచాను. ఆయన లేచారు. టీకొట్టాయన పల్లెకి దారి చెప్పాడు, టీ డబ్బులు తీసుకోలేదు.

న్యాల్‌కల్ దారిలో

మళ్లీ జహీరాబాద్ వచ్చి, అక్కణ్ణించి షేర్ ఆటో. నలుగురు కూర్చునే చోట ఎంతమందిమి కూర్చున్నామో చెబితే మీరు నమ్మరు. నా ఒళ్లో కాజాల డబ్బా, డబ్బా మీద ఎవరిదో ఉల్లిగడ్డల మూట. అటూ ఇటూ నల్లరేగడి చేలు, కోతకొచ్చిన తెల్లజొన్న, పీకి కుప్పవేసిన శనగ. మా వరిచేలల్లో ఎటు చూసినా నీళ్లే. ఇక్కడ కాలువన్నది లేదు. నేల పగుళ్లు తీసి ఉంది, జొన్న మాత్రం మనిషెత్తు నిలబడింది. ఏం తాగి పెరిగిందయ్యా ఇది అని ఆటో అబ్బాయిని అడిగాను. "మంచు తాగి" అన్నాడు. వేళాకోళమనుకున్నాను గానీ అందరూ అవునన్నారు.

ఆ మంచు మాటకైనా మా ఆయన ముఖం విప్పుకోలేదు. దిగే దాకా చేలవైపే చూస్తూ కూర్చున్నారు.

సుశీల ఇంట్లో

రేకుల ఇల్లు, ముందర అరుగు. సుశీల అరుగు మీద జొన్నకంకులు కట్ట కడుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. ఆయన్ని చూసింది. కట్ట వదిలేసి లేచొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది, నిజమో కాదో చూసుకున్నట్టు.

"అన్నా! బతికున్నరా అన్నా! వందనాలు, వందనాలు. రాన్రి, కూసోన్రి." తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, ఆ దినం మీ నంబర్ సుత తీస్కోకపోతిమి. ఏమైన్రో తెల్వక ఎంత ఫికర్ చేసినం! మా ఆయన రోజూ అడుగుతుండె, ఆ సారు ఏమైండో ఏమో అని. పానం బాగలేక పండుకున్నంక సుత అడిగిండు."

మా ఆయన అరుగు మీద కూలబడి గట్టిగా ఏడ్చేశారు. మా మామగారు పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. జేబులోంచి ఒక కవరు తీసి ఆమె చేతిలో పెట్టబోయారు. సుశీల ఆ చేతిని అలాగే ఆయన జేబు వైపు నెట్టింది. "అది లోపల పెట్టుకోన్రి అన్నా. ఏమన్న ఇయ్యాలనుంటే రేపు దేవునికి ఇయ్యున్రి. రేపు మా గుడిల కోత పండుగ."

ఇక్కడివాళ్లు చర్చిని గుడి అనే అంటారు. పంటలో మొదటి కోత తెచ్చి దేవునికి కృతజ్ఞత చెప్పే ఆదివారం అది. మేం సరిగ్గా దానికే వచ్చిపడ్డాం. నేను ఉండబట్టలేక నా మొక్కు సంగతి చెప్పేశాను. "కానీ రేపు గుడిలో చెప్పనులే సుశీలా. ఇక్కడే నీ దగ్గర చెప్పేశాను, అయిపోయింది. నలుగురిలో నీ మనసు కష్టపెట్టను."

ఆమెకు కోపం వచ్చింది. నేను అనుకోలేదు.

"ఎందుకు చెప్పరు? అక్కా, నేను ఇద్దరి కోసం అడిగిన. ఒక్కర్ని ఇచ్చిండు, ఒక్కర్ని తీస్కపోయిండు. తీస్కపోయినందుకు దేవునితోని రోజూ కొట్లాడుతున్న. అది నాకూ ఆయనకూ ఉన్న లొల్లి. ఇచ్చినదానికి స్తోత్రం సుత నా చెవుల పడకపోతే, నేను చేసిన ప్రార్థన ఎటు పోయినట్టు? చెప్పున్రి. నాకు వినాలనున్నది." మా ఆయన వైపు తిరిగింది. "మీరు మొక్కుకున్నరు, మీరు చెప్పున్రి. కానీ పానం దక్కింది అన్నకు. అన్న సుత చెప్పాలె."

"నాకు రాదు తల్లీ" అన్నారాయన, తలెత్తకుండానే.

 సుశీల వెళ్లి మళ్లీ కట్ట కట్టసాగింది. ఆ జొన్న దేవదాసు విత్తిందట. విత్తిన తర్వాత మంచాన పడ్డాడు. కోత ఆమె ఒక్కతే కోసింది.

కోత పండుగ

నాలుగు గోడలు, రేకులు, కింద చాపలు. చెప్పులు బయట. మా చర్చిలో బెంచీలకి అలవాటు పడ్డ మోకాళ్లు చాప మీద వంగనని మొరాయించాయి. ముందర బల్ల మీద జొన్నకంకులు, చెరుకు గడలు, శనగ, అల్లం, రెండు గుమ్మడికాయలు, బల్ల కింద కాళ్లు కట్టిన కోడిపుంజు. పాస్టరుగారిని అందరూ అయ్యగారంటారు. అయ్యగారు ప్రసంగిస్తున్నంతసేపూ పుంజు మధ్యమధ్య కూస్తూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

సాక్ష్యాలకి పిలిచినప్పుడు లేచాను. తణుకు నుంచి గట్టిగా తయారుచేసుకొచ్చిన మాటలు ఒక్కటీ పనికిరాలేదు. ఫలానా రోజు మీ సుశీల, మీ దేవదాసు నా భర్తను చేతుల్లో ఎత్తుకున్నారు, దేవుడు నా భర్తను నాకిచ్చాడు, ఆయనకు స్తోత్రం, దేవదాసు మీ మధ్య లేనందుకు నాకు దుఃఖంగా ఉంది, అని చెప్పి కూర్చున్నాను. జనం స్తోత్రమన్నారు. సుశీల అనలేదు. ఆమె పురుషుల వైపు, మా ఆయన కూర్చున్న చోటుకే చూస్తోంది. ఆయన చాప పీచు లాగుతూ కూర్చున్నారు.

తర్వాత వేలం. మాకూ ఉంది కోత పండుగ. మా దగ్గర అరటిగెలలు, కొబ్బరి గెలలు, వరికంకుల కుచ్చులు. ఎవరు పాడుకుంటే వాళ్లు దర్జాగా ఇంటికి పట్టుకుపోతారు. ఇక్కడ కూడా అంతే అనుకున్నాం. ఒక సంఘపెద్ద సుశీల జొన్నకట్ట పైకెత్తి పాట మొదలుపెట్టాడు. ఒకరిద్దరు చిన్న చిన్న పాటలు పాడారు. ఉన్నట్టుండి పురుషుల వైపు నుంచి మా ఆయన గొంతు వినిపించింది, సుశీల వెనక్కి నెట్టిన కవరులో ఉన్నదంతా ఒక్కసారే పాడేశారు. గుడి అంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ సొమ్ము సుశీలకే చేరుతుందని ఆయన అనుకున్నారని నాకు తర్వాత తెలిసింది. అది దేవుని పనికి పోతుంది, ఎక్కడైనా అంతే. కంగారులో మనిషికి అదీ తోచలేదు.

కట్ట తెచ్చి చేతికిచ్చారు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాతి పాట మొదలవ్వాలి కదా, అవ్వదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. సంఘపెద్ద దగ్గాడు. మా ఆయనకేమీ అర్థంకాక కట్టను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా చెవిలో అంది. "తిరిగి ఇయ్యాలె బిడ్డా. మా గుడిల పాడుకున్నోళ్లు ఇంటికి తీస్కపోరు. మల్ల బల్ల మీద పెడ్తరు, దేవుడు నాకిచ్చిండు, నేను దేవునికిస్తున్న అని చెప్పి. గప్పుడు ఇంకొకరు పాడ్తరు."

అయ్యో దేవుడా అనుకున్నాను. ఆయనకి సైగ చేద్దామంటే మధ్యలో ఊరంత జనం. చివరికి అయ్యగారే లేచి నెమ్మదిగా అదే మాట చెప్పారు. "ఏం తొందర లేదు సారూ. బల్ల మీద పెట్టి, దేవుడు మీకేమిచ్చిండో చెప్పున్రి, సాలు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కట్ట రెండు చేతుల్లో పట్టుకుని, ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ ముందుకు నడిచారు. కట్టను బల్ల మీద పెట్టారు. పెట్టి, దాని మీద నుంచి చేతులు తియ్యలేదు.  పెట్టేశాడు, ఇక వచ్చి కూర్చుంటాడు అనుకున్నాను.

"ఈ జొన్న విత్తింది దేవదాసు" అన్నారు.  "నన్ను మోసింది దేవదాసు. ఆయన ఎందుకు పోయాడో, నేనెందుకు ఉన్నానో నాకు తెలీదు. తెలిసేదాకా నోరు విప్పనని కూర్చున్నాను. నాకింక తెలియకపోయినా సరే. దేవుడు నాకు ప్రాణమిచ్చాడు. నేను దేవునికి... స్తోత్రం చెబుతున్నాను."

 స్త్రీల వైపు నుంచి, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, "స్తోత్రం!" అని సుశీల గొంతు వినిపించింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఇంకోసారి అంది. అప్పుడు గుడి అంతా అంది. నేను మాత్రం అనలేకపోయాను, ఏడుస్తున్నాను.

ఆ కట్ట ఇంకా చాలా చేతులు మారి బల్ల మీదికి వచ్చింది. చివరికి అయ్యగారు దాన్ని గుడి వాకిట్లో పిట్టల కోసం కట్టించారు. గుమ్మడికాయలు ఊళ్లో పొయ్యి సరిగ్గా వెలగని ఇళ్లకు పోయాయి. పుంజు సంగతి అడక్కండి, మధ్యాహ్నం పాస్టరుగారింటి వైపు నుంచి మసాలా వాసన వచ్చింది.

రొట్టె

భోజనానికి సుశీల ఒప్పుకుంటే కదా బయట తినడానికి. రాత్రికి హైదరాబాద్ చేరాలన్నా వినలేదు. పెనం మీద నుంచి రొట్టె తీసి నేరుగా పళ్లెంలో వేసింది, పక్కన పుంటికూర, వెల్లుల్లి కారం. కాజాల డబ్బా మధ్యలో పెట్టి, చీర ఆమె చేతికిచ్చాను. పంచెల చాపు ఏం చెయ్యాలో తెలియక నేను సంచీలోనే ఉంచేస్తే, సుశీల తనే తీసుకుంది. "మా ఆయనకి తెచ్చిన్రు కదా, ఇంట్లనే ఉండనియ్యున్రి" అని పెట్టెలో పెట్టుకుంది.

"ప్రార్థన ఎవరు చేస్తరు?" అంది.

అలవాటు కొద్దీ నేను కళ్లు మూసుకుని గొంతు సవరించుకున్నాను. ఈలోగా మా ఆయన మొదలుపెట్టేశారు. జొన్న విత్తిన దేవదాసు దగ్గర మొదలుపెట్టారు. కోసిన సుశీల, దంచిన చేతులు, రాత్రిళ్లు కురిసిన మంచు, టీ డబ్బులు తీసుకోని టీకొట్టాయన, జహీరాబాద్‌లో ఇంజక్షను చేసిన డాక్టరు, నా చెప్పు కుట్టిన పెద్దాయన, ఆటోలో నా ఒళ్లో పెట్టిన ఉల్లిగడ్డల మూట. ఒక్కరినీ వదల్లేదు. పిల్లవాడు చదివినట్టు పొల్లుపోకుండా చెబుతున్నారు. ఇంకా న్యాల్‌కల్ దాటలేదు, తణుకు ఎప్పుడొస్తుందో తెలీదు.

"అన్నా" అంది సుశీల, కళ్లు తెరవకుండానే. "రొట్టె సల్లారుతున్నది. జర ఆమెన్ అనున్రి."

ఆయన వినిపించుకోలేదు. నేను కాలితో తన్నలేదు.